స్కాన్ చేశాం, ఇక మర్చిపోవచ్చు

మా స్వతంత్ర కళాకారుల సంఘంలో పాత సామగ్రిని డిజిటైజ్ చేసే ఉపసంఘానికి నేను కన్వీనర్‌ని. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈమధ్య కొందరు కుర్రాళ్ళు, ముఖ్యంగా వాలంటీర్‌గా వచ్చిన ఒక అమ్మాయి, మా పని మీద ప్రశ్నలు వేస్తున్నారు. వాళ్ళకి వినయంగా జవాబు చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది. మధ్యలో ఎక్కడైనా వినయం తగ్గినట్టు అనిపిస్తే టైపింగ్ తప్పుగా భావించగలరు.

మా దగ్గరున్నవి నాలుగు బీరువాలు. వాటిలో ఫొటోకాపీ తీసి స్టేపుల్ కొట్టిన చిన్న పత్రికలు, మూడు రంగుల ఇంకులతో కొట్టివేతలున్న నాటకాల స్క్రిప్టులు, చేత్తో వేసిన పోస్టర్లు, ఆడియో క్యాసెట్లు, వీహెచ్‌ఎస్ టేపులు, కొన్ని సూపర్ 8 సినిమా ఫిల్మ్ రీళ్ళు, మార్కర్‌తో "ఫైనల్" అని రాసిన సీడీ, దాని పక్కనే "ఫైనల్ ఇదే" అని రాసిన ఇంకో సీడీ. అన్నీ ఎవరూ డబ్బివ్వకుండా, ఎవరూ అడగకుండా జనం చేసుకున్న పనులు. ముప్ఫై మంది వస్తే హౌస్‌ఫుల్ అనుకున్న ప్రదర్శనలవి. పెద్ద మ్యూజియంలలో వెతికినా ఇవి దొరకవు, ఆ ముప్ఫై మందిలో మ్యూజియం వాళ్ళు లేరు కాబట్టి.

వీటిని ఇన్నేళ్ళూ మేం సహజ పద్ధతిలో భద్రపరిచాం. అంటే తాళం వేసి తాళంచెవి పోగొట్టుకున్నాం. ఈ పద్ధతిని తక్కువ అంచనా వేయకండి, దీని ఫలితాలు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తాయి. స్టేపుళ్ళు తుప్పు పట్టి ప్రతి పేజీకి రెండు గోధుమరంగు బొట్లు పెట్టాయి. రబ్బరు బ్యాండ్లు ఎండి, కరిగి, కాగితంలో కలిసిపోయాయి. చిరిగిన పోస్టర్‌కి ప్రేమగా అతికించిన సెల్లోటేపు ఊడిపోయింది, దాని పసుపు మరక మాత్రం పోస్టర్ కంటే గట్టిగా నిలబడింది. ఒక సభ్యుడు అత్యుత్సాహంతో కొన్ని ఫొటోలకి లామినేషన్ చేయించాడు. వేడికి కరిగించి అంటించిన ఆ ప్లాస్టిక్‌ని ఫొటోకి దెబ్బ తగలకుండా మళ్ళీ ఊడదీయడం కష్టమని తర్వాత తెలిసింది, అప్పటికే ఆయనకి శాలువా కప్పేశాం.

రీళ్ళ బీరువా తెరిస్తే గుప్పుమని వెనిగర్ వాసన. ఎవరో సీసా ఒలకబోశారని మేం ఒక పూటంతా విచారణ జరిపాం, ఇద్దరిని అనుమానించాం కూడా. ఆ అమ్మాయే చెప్పింది, "సార్, అది సీసా కాదు, ఫిల్మే" అని. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ వేడికి, తేమకి కుళ్ళడం మొదలుపెడితే ఎసిటిక్ యాసిడ్ వదులుతుందట, ఆ యాసిడ్ మళ్ళీ ఆ కుళ్ళుని ఇంకా వేగం చేస్తుందట, పక్కనున్న మంచి రీలుకి కూడా ఆవిరి తగిలి అదే రోగం పట్టుకుంటుందట. ఫిల్మ్ కుంచించుకుపోయి, వంకర తిరిగి, చివరికి ప్రొజెక్టర్‌లో పట్టదు. చల్లగా, పొడిగా ఉంచితే ఈ జబ్బు నెమ్మదిస్తుంది, నయం మాత్రం కాదు. మా బీరువా డాబా కింద గదిలో, మధ్యాహ్నం ఎండ నేరుగా పడే గోడకి ఆనుకుని ఉంది. ఎందుకంటే మిగతా గదులన్నీ సమావేశాలకి కావాలి.

టేపుల కథ వేరు. అయస్కాంత పొడిని టేపుకి అంటించే జిగురు ఏళ్ళ తరబడి తేమ పీల్చుకుని మెత్తబడిపోతుంది, ప్లేయర్‌లో పెడితే కీచుమని అరుస్తూ, టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటుంది. అలాంటి టేపుల్ని 50 డిగ్రీలకి కొంచెం పైన గంటల తరబడి నెమ్మదిగా వేడి చేస్తే కొన్నాళ్ళపాటు మళ్ళీ పలుకుతాయి, ఆ లోపలే కాపీ తీసుకోవాలి. దీన్ని నిపుణులు నిజంగానే "బేకింగ్" అంటారు, కొన్ని రకాల టేపులకి ఇది పనికిరాదని కూడా అంటారు. మా కోశాధికారి మొదటి వాక్యం విన్నాడు, రెండోది వినలేదు. ఇంతకంటే వివరంగా రాయడం మా సంఘం గౌరవానికి మంచిది కాదు.

పోనీ, టేపు బాగానే ఉందనుకుందాం. దేంట్లో పెట్టి చూస్తారు? వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీగా చెప్పుకున్న ఫునాయ్ 2016 జూలైలో ఆ పని ఆపేసింది. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ అయితే, 2025 లోపు డిజిటైజ్ కాని టేపులు చాలావరకు పోయినట్టేనని ముందే హెచ్చరించింది, టేపు చావకపోయినా ఆడించే యంత్రం, దాన్ని బాగుచేసే మనిషి ఉండరు కాబట్టి. ఈ విషయాన్ని మా ఉపసంఘం చాలా సీరియస్‌గా తీసుకుంది. 2025లో దీని మీద ఒక సమావేశం కూడా పెట్టింది.

ఇక్కడ ఒక క్యాసెట్ గురించి చెప్పాలి. ఆడియో క్యాసెట్ పైఅంచున, రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి, వాటిని విరిచేస్తే ఇక దాని మీద రికార్డింగ్ పడదు. మా దగ్గరున్న ఒక క్యాసెట్‌కి ఆ పలకల్ని ఎవరో జాగ్రత్తగా విరిచారు. లేబుల్ మీద ఎర్ర ఇంకుతో "రిహార్సల్, రెండో రాత్రి, చెరపొద్దు" అని రాశారు. ఆ తర్వాత ఇంకెవరో అంతే జాగ్రత్తగా ఆ కన్నాల మీద సెల్లోటేపు అతికించారు. అతికించాక ఏం చేస్తారో తెలిసిందే. మేం దాన్ని ఆడిస్తే నలభై నిమిషాల టీవీ సీరియల్ వినబడింది, సీరియల్ అయిపోయాక పదకొండు సెకన్లు ఒక ఆడగొంతు "మళ్ళీ మొదట్నుంచి" అని నవ్వుతూ అంటుంది, టేపు అయిపోతుంది. ఆ అమ్మాయి ఆ పదకొండు సెకన్లని నాలుగుసార్లు విన్నది. మేం సీరియల్‌ని కూడా భద్రపరచాలని తీర్మానించాం, అదే ఎక్కువ నిడివి ఉంది కదా.

సరే, స్కానర్ వచ్చింది. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. అందరం తెల్ల గ్లవ్స్ వేసుకుని ఫొటో దిగాం. దానికి కూడా ఆ అమ్మాయి అడ్డు చెప్పింది. బ్రిటిష్ లైబ్రరీ లాంటి చోట్ల పాత కాగితాలని శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులతోనే పట్టుకోమంటారట, గ్లవ్స్‌తో అంచు తెలియక కాగితం చిరిగే ప్రమాదం ఎక్కువట, గ్లవ్స్ కావాల్సింది ఫొటోలకట. ఉండొచ్చు. కానీ ఒట్టి చేతులతో ఫొటో దిగితే ఆర్కైవ్ పని చేస్తున్నట్టు ఎవరు నమ్ముతారు?

పని మాత్రం జోరుగా సాగింది. ఏ4 కాగితాన్ని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, రంగుల్లో స్కాన్ చేసి కంప్రెస్ చేయకుండా టిఫ్ ఫైలుగా దాస్తే వంద ఎంబీ దాటుతుంది. గంట ఆడియోని 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో స్టీరియో వేవ్ ఫైలుగా తీస్తే 2 జీబీ. అదే గంట 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 58 ఎంబీ. ఈ లెక్కలు విన్నాక కోశాధికారి మొహం చూసి ఎంపీ3, జేపెగ్‌లే చాలనుకున్నాం. మాస్టర్ కాపీ పెద్దదిగా ఒకటి, జనానికి చూపించడానికి చిన్నదిగా ఒకటి, రెండూ ఉండాలని అమ్మాయి చెప్పబోయింది, అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. మొత్తానికి "స్కాన్_0001" నుంచి "స్కాన్_3870" దాకా వచ్చాం. స్క్రిప్టులు, ఫొటోలు, పోస్టర్లు, ఒక కరెంటు బిల్లు, కోశాధికారి అరచెయ్యి. కొన్ని "స్కాన్_0412 (2) కొత్తది" అనే పేరుతో కూడా ఉన్నాయి, వాటి మధ్య తేడా పరిశోధకులకి వదిలేశాం.

బ్యాకప్ లేదని కూడా ఒక నింద. మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒకటి వేరే చోట, ఇది లోకమంతా చెప్పే 3-2-1 సూత్రం. మేం అక్షరాలా పాటించాం. ఒకటి హార్డ్‌డిస్క్‌లో ఉంది, రెండోది అదే హార్డ్‌డిస్క్‌లో ఇంకో ఫోల్డర్‌లో ఉంది, మూడోది వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాం. వాట్సాప్ ఫొటోని నలిపి చిన్నది చేసి, తీసిన తేదీ లాంటి లోపలి వివరాలు ఊడ్చేసి పంపిస్తుందనేది నిజమే, కానీ గ్రూప్‌లో అరవై మంది ఉన్నారు, అరవై వేరే చోట్లు! ఇంత భద్రత నాసాకి కూడా లేదు. నిజంగానే లేదు, చంద్రుడి మీద తొలి అడుగుల సంకేతాలు నేరుగా రికార్డైన అసలు టెలిమెట్రీ టేపులు చెరిపేసి మళ్ళీ వాడుకున్నట్టున్నామని వాళ్ళే 2009లో తేల్చుకున్నారు. జనం తమ పాటలు పెట్టుకునే మైస్పేస్ అనే వెబ్‌సైట్ వాళ్ళు 2019లో, సర్వర్లు మార్చేటప్పుడు పన్నెండేళ్ళ పాటలు పోయాయన్నారు. వేలకొద్దీ చిన్న బ్యాండ్‌లు, వేరే ఎక్కడా కాపీ లేని పాటలు, "ఆన్‌లైన్‌లో ఉంది కదా" అనుకుని అసలు కాపీ ఎక్కడో పారేసినవాళ్ళు. వాళ్ళ మీద నాకు సానుభూతి ఉంది, ఎందుకంటే మేం కూడా అలాగే అనుకున్నాం.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇంగ్లండ్‌ది. 1086లో రాజు తోలు కాగితాల మీద భూముల లెక్కలు రాయించాడు, దాని పేరు డూమ్స్‌డే బుక్. దానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ వాళ్ళు జనమందరి చేతా ఊళ్ళ వివరాలు, ఫొటోలు సేకరించి అప్పటి అత్యాధునిక లేజర్ డిస్కుల మీద ఎక్కించారు. ఇరవై ఏళ్ళు కూడా తిరక్కముందే వాటిని చదివే యంత్రాలు కరువై, బయటికి తీయడానికి ప్రత్యేకంగా పరిశోధక బృందాలు కష్టపడాల్సి వచ్చింది. తోలు పుస్తకం మాత్రం ఎప్పట్లాగే చదువుకోవచ్చు. దీన్నిబట్టి మా ఉపసంఘం తేల్చిందేమిటంటే, స్కాన్ చేశాక అసలు కాగితాలు అనవసరంగా చోటు ఆక్రమిస్తాయని. రెండు బీరువాలు ఖాళీ చేశాం. కాగితాలు ఎక్కడికి వెళ్ళాయని అడగొద్దు, పరిశుభ్రతా దినం నాడు జరిగిన పని అది. ఇప్పుడు ఆ బీరువాల్లో మా జ్ఞాపికలు ఉన్నాయి.

హక్కుల సంగతి తొందరగా ముగిస్తాను, ఇది కొంచెం ఇబ్బందికరమైన అంశం. ఒక గాయని ఫోన్ చేసి, ఆ రాత్రి పాట తోటివాళ్ళ కోసం పాడానని, లోకమంతా వినాలని కాదని అంది. డిజిటైజ్ చేసే వీలుంటే అందరికీ చూపించే హక్కు కూడా వచ్చేసినట్టేనని మేం అనుకున్నాం. అలా కాదట. ఆస్ట్రేలియాలో వారుముంగు అనే ఆదివాసీ జనం కలిసి రూపుదిద్దిన ముకుర్తు అనే డిజిటల్ ఆర్కైవ్ వేదిక ఉంది, అందులో ఏ ఫొటో ఎవరు చూడాలి, ఏది ఎవరికి కనబడకూడదు అన్నది ఆ సముదాయమే నిర్ణయించుకుంటుంది. మేం కూడా మా సముదాయాన్ని అడిగాం. సముదాయం అంటే ఉపసంఘం.

ఇక మెటాడేటా. ఫొటోలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, తీసిందెవరు, ఇలాంటి వివరాలకి డబ్లిన్ కోర్ అనే పద్ధతి ఉంది, పదిహేను గడులు నింపాలి. ఆ డబ్లిన్ ఐర్లండ్‌ది కాదు, అమెరికాలోని ఒహాయో డబ్లిన్, 1995లో అక్కడ కూర్చుని మొదలుపెట్టారు. వివరాలు సరిగ్గా రాయడం నేర్పే పద్ధతి పేరుకే ఇంత వివరణ కావాల్సి వచ్చింది, ఇక మావి ఖాళీగా ఉన్నాయంటే తప్పేముంది? 3870 ఫైళ్ళకి మేం ఒకే ఒక్క గడి నింపాం. అంశం: "కళ".

న్యూయార్క్‌లో లెస్బియన్ హర్‌స్టోరీ ఆర్కైవ్స్ అని ఒకటి 1974లో మొదలై, చాలా ఏళ్ళపాటు ఒక అపార్ట్‌మెంట్‌లోనే నడిచిందని ఆ అమ్మాయి చెప్పింది. చోటు లేదు, డబ్బు లేదు, అయినా ఆ ఉత్తరాలూ టేపులూ ఎవరివో తెలిసినవాళ్ళే వాటిని చూసుకున్నారట. ఈ మాట నాకెందుకు చెప్పిందో అర్థం కాలేదు. మాకు చోటు ఉంది కదా.

కిందటి సమావేశానికి ఒకాయన వచ్చారు. వయసు ఎనభై పైనే, ఒకప్పుడు ఇక్కడ ప్రదర్శనలకి లైట్లు వేసేవారట. కర్ర పట్టుకుని స్క్రీన్ దగ్గరగా వెళ్ళి, స్కాన్_0412 చూపించమన్నారు. ఐదుగురు నిలబడ్డ ఫొటో, ఒక కుర్చీ ఖాళీగా ఉంది. "వెనకవైపు చూపించు బాబూ" అన్నారు. మేం ముందువైపే స్కాన్ చేశామని చెప్పాను. "వెనకాల పెన్సిల్‌తో పేర్లు రాశాను కదా నేను" అన్నారు. ఒరిజినల్ అడిగారు. పరిశుభ్రతా దినం గురించి వివరించాను.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వేలితో స్క్రీన్ మీద ఎడమనుంచి ఒక్కొక్కరినీ చూపిస్తూ మొదలుపెట్టారు, ఈయన ఎవరు, ఈవిడ ఏ వేషం వేసింది, ఆ ఖాళీ కుర్చీలో కూర్చోవాల్సిన మనిషి ఆ రోజు ఎందుకు రాలేదు, క్యాసెట్‌లో నవ్వింది ఈవిడే అని కూడా. అమ్మాయి ఫోన్ తీసి రికార్డ్ చేయబోయింది. ఎజెండాలో లేని అంశాన్ని రికార్డ్ చేయడం నిబంధనలకి విరుద్ధమని, మెటాడేటా ఉపసంఘం ఇంకా ఏర్పడలేదని, అది ఏర్పడ్డాక తప్పకుండా కబురు చేస్తామని నేను మర్యాదగా ఆపాను. "అలాగే బాబూ, ఉంటే వస్తా" అని ఆయన కర్ర పట్టుకుని మెట్లు దిగారు, అమ్మాయి కూడా ఆయన వెనకే వెళ్ళింది, ఫోన్ చేతిలోనే పట్టుకుని.

మినిట్స్ పుస్తకంలో మాత్రం నమోదు చేశాం: "ఒక పెద్దాయన వచ్చి కొన్ని పాత సంగతులు చెప్పారు." ఆ పేజీని అదే రోజు 600 డీపీఐలో స్కాన్ చేశాం. స్కాన్_3871.