నేనెవరో చెప్పుకోండి చూద్దాం

ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో పెళ్లి భోజనానికి వెళ్లే వారి క్షేమం కోరి ప్రభుత్వం ఒక హెచ్చరిక జారీ చేయాలని నేను చాలా కాలంగా అనుకుంటున్నాను. హెచ్చరిక వంటల గురించి కాదు. ఒకే విస్తరిలో తెలుగువారి గోంగూర పచ్చడీ, ఒడియావారి పప్పుకూర దాల్మా పక్కపక్కన కూర్చుని, ఏ సరిహద్దు కమిషనూ లేకుండానే సర్దుకుపోవడం మా ఊళ్లో తరతరాలుగా జరుగుతున్నదే. నేను చెప్పేది భోజనానికి ముందు జరిగే మౌఖిక పరీక్ష గురించి. చేయి కడుక్కుని వస్తుండగా ఒక ఆసామీ దారికి అడ్డంగా నిలబడి, ముఖమంతా నవ్వు పులుముకుని, "నేనెవుర్నో సెప్పుకోండి సూద్దాం" అంటాడు. ఈ ప్రశ్నను ఎన్నడూ ఎదుర్కోని తెలుగువాడు వంశధారకు ఈవలో ఆవలో ఎక్కడైనా ఉంటే, అతణ్ణి ఎవరూ పెళ్లికి పిలవడం లేదని అర్థం.

ఈ పరీక్షకు పాఠ్యప్రణాళిక లేదు, గడువు లేదు, పునర్మూల్యాంకనం అసలే లేదు. శిక్ష మాత్రం సిద్ధంగా ఉంటుంది. "పెద్దోలైపోనారు, మమ్మల్నెందుకు గుర్తుపడతారు" అన్న తీర్పును పదిమంది వినేలా చదివి, దోషిని భోజనానికి పంపిస్తారు. అటువంటి దోషుల తరఫున కొన్ని శాస్త్రీయమైన మనవులు చేసుకోవడానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదటి మనవి పేర్ల గురించి. 1987లో బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి అపరిచితుల ముఖాలు చూపించి, ఒక్కొక్కరి పేరూ వృత్తీ నేర్పారు. ఇంగ్లీషులో 'బేకర్' అన్న మాట రొట్టెలు కాల్చేవాడికీ చెల్లుతుంది, ఇంటిపేరుగానూ చెల్లుతుంది. అటువంటి మాటను వృత్తిగా చెప్పినప్పుడు గుర్తుపెట్టుకున్న జనం, అదే మాటను ఇంటిపేరుగా చెప్పినప్పుడు గుర్తుపెట్టుకోలేక తడబడ్డారు. వృత్తి అనగానే పొయ్యి, పిండి, వాసన అన్నీ కలిసి వచ్చి ముఖానికి అంటుకుంటాయి. పేరుకు అటువంటి బంధువులెవరూ లేరు, అది మనసులో ఒంటరిగా పడి ఉంటుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి మా ఊరివారు బ్రిటన్ దాకా వెళ్లనక్కరలేదు. సైకిల్ షాపాయన, ఇంజక్షన్లిచ్చే ఆయన, బరంపురం బస్సు కండక్టరు అని చెప్పుకుంటూ మేము జీవితాలు గడిపేశాము. వారి పేర్లు వారి ఆధార్ కార్డులకే తెలుసు.

రెండో మనవి స్థలం గురించి. 1975లో స్కాట్లాండ్ తీరంలో గజ ఈతగాళ్ల చేత కొన్ని మాటలు నీటి అడుగున బట్టీ పట్టించి, కొన్ని గట్టు మీద బట్టీ పట్టించి, తరువాత రెండు చోట్లా అప్పగించమన్నారు. నీటి అడుగున నేర్చినవి నీటి అడుగునే బాగా గుర్తొచ్చాయి, గట్టు మీద నేర్చినవి గట్టు మీదే బాగా గుర్తొచ్చాయి. కాబట్టి మహేంద్రతనయలో గోచీతో స్నానం చేస్తుండగా ఒకే ఒక్కసారి చూసిన మనిషి, సిల్కు లాల్చీ వేసుకుని కల్యాణమండపంలో ఎదురుపడి తానెవరో చెప్పమనడం శాస్త్ర విరుద్ధం. న్యాయంగా ఆయన నన్ను మళ్లీ ఏటికి తీసుకువెళ్లి, తానూ తగిన వేషంలోకి మారి, అప్పుడు అడగాలి.

గత వైశాఖంలో జరిగిన పరీక్షను కొంచెం వివరంగా చెప్పక తప్పదు. పెళ్లి మా వీధిలోనే. పరీక్షాధికారి ఇద్దరు అనుచరులతో వచ్చి, ఖాళీ పళ్లెంతో నిలబడి ఉన్న నన్ను పట్టుకున్నారు. "ఏటి మాస్టారూ, గుర్తుపట్నేదేటి?" నేను జీవితంలో ఏనాడూ బడిలో సుద్దముక్క పట్టినవాణ్ణి కాను, ముప్పై ఏళ్లు జమాఖర్చుల పుస్తకాలు రాసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అయినా మాస్టారు అన్నది గౌరవ వాచకం కనుక ఊరుకున్నాను. నేను నవ్వాను. ఇటువంటి సమయంలో నవ్వడం తప్పు, అది తెలిసినట్టు నటించడంగా నమోదవుతుంది. ఆయన ఆధారాలు ఇవ్వడం మొదలుపెట్టారు. "కాశీనగరం." మా జిల్లాలోని ఆ ఊళ్లో నాకు తెలిసినవారు తక్కువేమీ కాదు. "మావిడి సెట్టు." కాశీనగరంలో మామిడి చెట్లు మనుషుల కంటే ఎక్కువ. "మీ పెదమావ గారి రెండో అమ్మాయి పెళ్లి, వాన, ఎడ్ల బండి." ఈలోగా వెనక వరుసలో పులిహోర అయిపోయింది. అనుచరుల్లో ఒకాయన జాలిపడి "బండి తిరగబడిపోనాది కదండీ" అని అందించాడు. నా వెనక ఉన్న ముసలమ్మ గారు, ఆవిడ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు, "ఆ, బెల్లం బస్తా బురదలో పడిపోనాది" అన్నారు. అప్పుడు జరిగిందండీ అద్భుతం. నాకు ఆ బస్తా కనిపించింది. బురదలో బెల్లం కరగడం, చీమలు, చెట్టు కింద గొడుగు పట్టుకుని నిలబడిన నేను, గొడుగు పిడికి ఉన్న చిన్న పగులు, అన్నీ కనిపించాయి. "గుర్తొచ్చింది, గుర్తొచ్చింది!" అని నేను కేక వేయడం, వారందరూ సంతోషించడం, నా పళ్లెంలోకి ఎవరో దాల్మా వడ్డించడం వరుసగా జరిగిపోయాయి. ఇంటికి వచ్చి చెబితే మా ఇంటావిడ తాపీగా, ఆ పెళ్లినాటికి మీరు టైఫాయిడ్‌తో మంచం మీద ఉన్నారు అని గుర్తుచేసింది.

దీనికీ శాస్త్రంలో వివరణ ఉంది. 1995లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ అనే పరిశోధకులు, చిన్నప్పుడు మీరు అంగళ్ల సముదాయంలో తప్పిపోయారట అని, ఇంటివారు చెప్పినట్టుగా, జరగని సంగతిని 24 మందికి చెప్పారు. వారిలో సుమారు నాలుగో వంతు మంది అది నిజంగా జరిగినట్టు పూర్తిగానో కొంతమేరకో జ్ఞాపకం చేసుకున్నారు. జ్ఞాపకం అనేది బీరువాలోంచి తీసిన పాత చీర కాదు, అడిగిన ప్రతిసారీ దొరికిన దారాలతో అప్పటికప్పుడు నేసే బట్ట. అక్కడ కాశీనగరం వారు దారాలిచ్చారు, ఆకలి మగ్గం ఆడించింది.

అయితే పులిహోర పోయిన బాధతోనే ఈ వ్యాసం రాస్తున్నానని పాఠకులు అనుకోకూడదు. దాల్మా సగంలో ఉండగా నాకు నిజమైన జ్ఞాపకం ఒకటి వచ్చింది. ఈ పెద్దమనిషిని నేను చూసింది ఎడ్ల బండి దగ్గర కాదు. రెండేళ్ల క్రితం ఆయన కార్యాలయంలో చూశాను. మా వీధి బడిలో తెలుగు చెప్పే మాస్టారు పదవీ విరమణ చేశాక ఆ కుర్చీ ఖాళీగా ఉందని, తెలుగు ఒక సబ్జెక్టుగానైనా మిగిలేలా చూడమని అర్జీ పట్టుకుని పదిమందిమి వెళ్లాము. ఆయన అర్జీ అందుకుని, కళ్లకు అద్దుకుని, సొరుగులో పెట్టారు. కొత్త మాస్టారు ఇప్పటికీ రాలేదు. నేను పళ్లెం కింద పెట్టి, ఆ అర్జీ ఏమైందండీ అని అడిగాను. ఆయన ముఖంలో ఏ కల్మషమూ లేదు. "ఏ అర్జీ? ఓహో! మర్సిపోనాను మాస్టారూ. మీరొక మాట గుర్తుసెయ్యాలి గదా" అన్నారు.

ఒక్కసారి కలిసిన మనిషిని ఇరవై ఏళ్ల తరువాత గుర్తుపట్టకపోతే నేరం. చేతికిచ్చిన కాగితాన్ని రెండేళ్లు మరిచిపోతే అదీ మన నేరమే, గుర్తుచేయనందుకు. హెన్రీ మొలైసన్ అనే అమెరికా దేశస్థుడికి 1953లో మూర్ఛ తగ్గించడానికి శస్త్రచికిత్స చేసి, మెదడులో రెండు వైపులా, కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే భాగంలో చాలా మేరకు తీసేశారు. 2008లో మరణించే దాకా ఆయన కొత్త సంగతులను మనసులో నిలుపుకోలేకపోయాడు. ఏళ్ల తరబడి తనను పరీక్షించిన శాస్త్రవేత్త గదిలోకి వస్తే ప్రతిసారీ కొత్త మనిషిలాగే పలకరించేవాడు. పాపం, ఆయనకు కారణం ఉంది. మా పెద్దమనిషికి అటువంటి ఆపరేషన్ ఏదీ జరిగినట్టు ఊళ్లో దాఖలా లేదు. తన మేనల్లుడి బట్టల దుకాణం ప్రారంభానికి రానివాళ్లెవరో ఆయన ఇప్పటికీ వీధుల వారీగా చెప్పగలరు.

ఇక భోజనాలయ్యాక తాంబూలం నములుతూ ఆయనే అందుకున్న మాట నా చెవుల్లో ఇంకా మండుతోంది. "ఈ కాలం పిల్లలు తెలుగు మర్సిపోయారు మాస్టారూ" అన్నారాయన. ఎవరయ్యా మరిచిపోయింది? 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల ముక్కలను తానే బట్టీ పట్టి, తానే మరిచిపోతూ లెక్క రాసుకున్నాడు. వాటిని మళ్లీ నేర్చుకునేటప్పుడు ఆదా అయ్యే శ్రమను బట్టి చూస్తే, ఒక రోజు గడిచేసరికి మూడో వంతు, నెల గడిచేసరికి అయిదో వంతు మాత్రమే మిగిలింది. కానీ ఆ లెక్క ఎక్కడ మొదలయింది? ఒకసారి పూర్తిగా నేర్చుకున్న చోట. అమెరికాలో 1979లో, రోజూ చేతిలో ఆడే పెన్నీ నాణెం మీద ఏముందో గీయమంటే చాలామంది గీయలేకపోయారు. వారు మరిచిపోలేదు, ఏనాడూ దాన్ని మనసులోకి తీసుకోనే లేదు. నేర్పనిదాన్ని మరిచిపోవడం ఏ మెదడుకూ సాధ్యం కాదు. మా వీధి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బజార్లో ఒడియా మాట్లాడతారు, టీవీ ముందు హిందీ మాట్లాడతారు. మూడు భాషలు మోసే బుర్రలకు యాభై ఆరు అక్షరాలు బరువా? ఒడియాతో మాకు పేచీ లేదు, అది మా అన్నం భాష. కుర్చీని ఖాళీగా ఉంచిన మనిషి, ఆ కుర్చీ ముందు కూర్చోవలసిన ఏడేళ్ల పిల్లను చూపించి, మరిచిపోయిందని నేరం ఆ పిల్ల నెత్తిన పెట్టడం సిగ్గులేనితనం. ఆ మాటకు ఇంతకంటే మర్యాదైన పర్యాయపదం నాకు తెలియదు.

అన్నట్టు, గిడుగు వేంకట రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. తెలుగుతో ఆగకుండా, మన్యంలో సవరలు మాట్లాడే భాషను వారి దగ్గరే నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారాయన. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేయడం మాత్రం మా పెద్దమనిషి మరిచిపోరు. ఫొటోగ్రాఫరు ముందురోజే గుర్తుచేస్తాడు.

ఊళ్లో ప్రతి మగవాడూ ఆయనకు మాస్టారే. ఎందుకో నాకు ఇంటికి వచ్చాక అర్థమైంది. ఆయనకు నా పేరు తెలియదు. పేరు తెలియనివారందరికీ ఆ ఒక్క మాట సరిపోతుంది. అలా బజారులో మాస్టార్లు వందల్లో తిరుగుతున్నారు, బడిలో ఒక్కరు లేరు.

వచ్చే ముహూర్తాల్లో కాశీనగరంలో ఒక పెళ్లి ఉంది, ఆయనా వస్తారట. అర్జీ నకలు నా దగ్గర ఉంది. మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను. దాని కింద తాతల సంతకాలు తెలుగులో ఉన్నాయి, తండ్రుల సంతకాలు చాలావరకు ఒడియాలో ఉన్నాయి. పై నుంచి మూడోది, కొమ్ములూ సున్నాలూ ముత్యాల్లా ఉన్న తెలుగు సంతకం, ఆయన సొంత పెదనాన్న గారిది. దారికి అడ్డంగా ఆయన వచ్చి నిలబడగానే ఆ కాగితం విప్పి, ఆ మూడో సంతకం మీద వేలు పెట్టి, ఎవరో చెప్పుకోండి చూద్దాం అంటాను.