పాత చీరలు పెట్టినంత మాత్రాన గౌరవించినట్టు కాదు

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన ఇవాళ పొద్దున్న ఓ కాగితం అంటించారు. పనివాళ్ళు, డెలివరీ బాయ్స్ మెట్లే వాడాలట. మాది ఎంవీపీ కాలనీలో ఐదంతస్తుల బిల్డింగ్. మోకాళ్ళు అరిగిపోయిన పెద్దావిడ ఒకరు పై అంతస్తులో అంట్లు తోముతారు. ఈ విశాఖ ఉక్కపోతలో ఆవిడ రెయిలింగ్ పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కుతుంటే, పక్కనే ఖాళీ లిఫ్ట్!

కమిటీ పెద్దాయన్ని అడిగితే చెప్పిన జవాబుకి ఇంకా ఒళ్ళు మండుతోంది. "మనం వాళ్ళని బాగానే చూసుకుంటున్నాం కదమ్మా. పండక్కి చీరలు పెడుతున్నాం, మిగిలిన కూరలు ఇస్తున్నాం" అన్నారు. ఇస్తున్నారు, సరే. దానికీ దీనికీ ఏం సంబంధం? దయ మీకు బుద్ధి పుట్టినప్పుడు చూపిస్తారు. గౌరవం అలా కాదు, అది ఆవిడకి మనం పడ్డ బాకీ.

ఈ మాట నేను కనిపెట్టింది కాదు. ఇమ్మాన్యుయేల్ కాంట్ అనే జర్మన్ తత్వవేత్త 1785లోనే రాశాడు, మనిషిని కేవలం మన పని గడుపుకునే సాధనంగా చూడకూడదని. 'కేవలం' అన్నాడు, గమనించండి. డబ్బిచ్చి పని చేయించుకోవడం తప్పనలేదు. ఒకరి పని మీద ఒకరం ఆధారపడే అందరం బతుకుతున్నాం. తోమే చేతులు కనిపించి, ఆ చేతులున్న మనిషి కనిపించకపోవడమే తప్పు. వస్తువుకి వెల ఉంటుంది, ఒకటి పోతే దాని బదులు ఇంకోటి తెచ్చుకోవచ్చు. మనిషికి అలాంటి బదులు లేదన్నాడాయన.

ఆయనే ఒక కొట్టువాడి సంగతి చెప్తాడు. చిన్నపిల్లాడు వచ్చినా న్యాయమైన ధరే తీసుకుంటాడు, ఎందుకంటే పేరు పోతే బేరం పోతుంది. చేసింది సరైనదే, కానీ అది ధర్మం కోసం చేసింది కాదు. మా బిల్డింగ్‌లో చాలామంది పెట్టే పండగ చీరలూ ఇంతే. పెట్టకపోతే పని మానేస్తుందని భయం.

ఇంకొకాయన చెమట వాసన అన్నాడు. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచొచ్చి తడిసిన టీషర్టుతో లిఫ్టెక్కే పెద్దమనుషులకి ఏ కాగితమూ ఎందుకు అంటించలేదు? లిఫ్టుకి లోడ్ ఎక్కువవుతుందన్న మాట సోఫా సెట్టు ఎక్కించిన రోజు ఎవరికీ గుర్తు రాలేదేం? దుర్మార్గుడికి కూడా మనిషిగా దక్కాల్సిన గౌరవం పూర్తిగా కాదనకూడదని కాంట్ 1797లో రాశాడు. మరి ఆవిడ చేసిన నేరమేంటి? అంటరానితనాన్ని రద్దు చేసే 17వ అధికరణం 1950 నుంచి మన రాజ్యాంగంలో ఉంది. రూపం మార్చుకుని అదే జబ్బు మెట్ల దాకా వస్తే ఊరుకోవాలా?

అసలు నా కోపం ఈ కాగితంతో మొదలైంది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు. లిఫ్ట్ లేదు, మోటార్ లేదు. మా అందరి ఇళ్ళకీ నీళ్ళ బకెట్లు మోసింది వాచ్‌మెన్, ఆయన భార్య. కళ్ళు చెమర్చి, సెల్లార్‌లో వాళ్ళకో బాత్‌రూమ్ కట్టిస్తామని మీటింగ్‌లో అందరూ చేతులెత్తారు. డబ్బులూ వసూలు చేశారు. ఆ డబ్బుతో ముందు గేటుకి రంగులేసి, కెమెరాలు పెట్టించారు. ఆ ఇంటి ఆడపిల్ల ఇవాళ్టికీ టార్పాలిన్ చాటున స్నానం చేస్తోంది.

నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా మాటివ్వడం అందరి పద్ధతీ అయిపోతే, ఇక ఎవరి మాటనీ ఎవరూ నమ్మరు, మాటివ్వడానికే అర్థం ఉండదు అన్నాడు కాంట్. ఆ రోజు చేయెత్తిన వాళ్ళలో సగం మంది ఈ పోస్టు చదువుతారని నాకు తెలుసు. వసూలు చేసిన డబ్బు లెక్క చెప్పండి. ఆ బాత్‌రూమ్ ఎప్పుడు కట్టిస్తారో తేదీ చెప్పండి.