మా అమ్మ ఫోన్ పోగొట్టుకోలేదు

పొద్దున కర్నూలు కూరగాయల మార్కెట్లో మా అమ్మ సంచిని ఎవడో బ్లేడుతో కోసి ఫోన్ కొట్టేశాడు. కోత జానెడుంది, అందులోంచి కొత్తిమీర కట్ట వేలాడుతోంది. ఆ సంచి పట్టుకునే స్టేషన్‌కు పోయాం. స్టేషన్లో కేసులు రాసుకునే రైటర్ సంచి వైపు చూడనైనా చూడలేదు. ‘దొంగతనం అని వద్దమ్మా, పోగొట్టుకున్నానని రాయండి. ఫోన్ బ్లాక్ చేసుకోడానికి అది చాలు’ అన్నాడు. అమ్మ రాసిచ్చింది. ఇంటికొచ్చేదాకా ‘నేనేం పోగొట్టుకోలేదు కదరా’ అంటూనే ఉంది. అరవై దాటిన మనిషి చేత తప్పు తనదేనని సంతకం పెట్టించుకున్నారు. ఒళ్లు మండిపోతోంది.

లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది, ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, కనబడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని. ఎవరికి పట్టింది?

దేశంలో నేరాల లెక్కలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే పుస్తకంలో ఉండేవి స్టేషన్లలో కట్టిన కేసులే. కట్టనిది జరగనట్టే లెక్క. నేరాలు తగ్గాయని పేపర్లో వస్తే, తగ్గింది నేరాలా, కట్టిన కేసులా?

నేరాల లెక్క కోసం అమెరికాలో 1973 నుంచీ సర్వే పెట్టి జనాన్నే అడుగుతున్నారు. ఎంపిక చేసిన ఇళ్లలో 12 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ, ఏటా 2 లక్షల మందికి పైగా. ఈ ఆరు నెలల్లో మీకేం జరిగింది, పోలీసులకు చెప్పారా, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు అని. బ్రిటన్‌లో ఇలాంటి సర్వే 1982లో మొదలైంది. ఓటర్ల జాబితా కోసం గడప గడపా తిరిగే మన దేశంలో దీనికి మనుషులు దొరకరా? చనిపోయినవాళ్లను అడగలేం కాబట్టి హత్యలు ఆ సర్వేలో రావు, వాటికి పోలీసు లెక్కే దిక్కు. మన సీమను అందరూ హత్యలతోనే కొలుస్తారు, అదొక బాధ. ఇక్కడ ఇళ్లల్లో పడే దెబ్బలు ఎవరికీ కనబడవు.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్లు ఇంటికొచ్చి అడిగారు కాబట్టే తెలిసింది, శారీరక హింసో లైంగిక హింసో పడ్డ ఆడవాళ్లలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమేనని. మా చిన్నమ్మ కూతురు అడిగింది. పదేళ్ల కిందట మూడుసార్లు స్టేషన్ మెట్లెక్కింది. మూడోసారి ఎడమ చెవిలో దూది పెట్టుకుని పోయింది. ‘కాపురం చేసుకునేదానివి, సర్దుకుపోమ్మా’ అని పంపేశారు. ఆ చెవి ఇప్పటికీ వినపడదు, ఎవరు పిలిచినా కుడివైపే తిరుగుతుంది. ఆమె పేరు మీద ఏ స్టేషన్లోనూ ఒక్క కాగితం లేదు.

రేపు అమ్మను తీసుకుని మళ్లీ పోతున్నా. సంచి కుట్టొద్దని చెప్పాను.