ఏసీలో పెట్టలేని సరుకు

ఓపిక గురించి గుంటూరు మిర్చి యార్డులో ఎవరైనా చెప్పాలంటే మా బాబాయే చెప్పాలి. తేజా కాయకు రేటు రాలేదంటే టిక్కీ బస్తాలన్నీ ఏసీకి, అంటే కోల్డ్ స్టోరేజీకి తోలించేసి, తాపీగా పేపరు చదువుకుంటాడు. పక్క కొట్ల వాళ్లు ఆగలేక అయినకాడికి అమ్ముకుంటున్నా ఈయన కదలడు. "కాయ ఎక్కడికి పోతుందిరా? బాకీ ఎగ్గొట్టి పారిపోవడానికి అదేమన్నా మీ మావయ్యా?" అంటాడు.

2024 మేలో యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చారు. ఊరికే కూర్చోలేక బాబాయి మా తమ్ముడి చేత ఫోన్లో ట్రేడింగ్ యాప్ వేయించుకున్నాడు. జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఊపులో షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ 3 శాతానికి పైగా లేచి 23,263 దగ్గర ముగిసింది. రేటు ఎగబాకుతున్న రోజున సరుకు కొనేవాడు వెర్రివాడని మాకు ఇన్నేళ్లూ క్లాసు పీకిన మనిషి, ఆ మధ్యాహ్నమే పాతిక వేలు పెట్టి 23,000 కాల్ ఆప్షన్ కొన్నాడు. అంటే ఆ గురువారం నిఫ్టీ 23,000 పైన ముగిస్తేనే విలువుండే పందెం లాంటిదన్నమాట.

మర్నాడు ఓట్ల లెక్కింపు. ఢిల్లీలో అధికార పార్టీకి సొంతంగా మెజారిటీ రాదని తేలేసరికి నిఫ్టీ దాదాపు 6 శాతం కూలింది. ఇక్కడ ఆంధ్రాలో కూటమి గెలిచింది. వీధంతా టపాసులు, డప్పులు. బాబాయి ఒక్కడే వరండాలో ఫోన్ పట్టుకుని బిగుసుకుపోయాడు. ఆ ముఖం చూసి ఎదురింటాయన ఇంకోలా అర్థం చేసుకున్నాడు. నోట్లో లడ్డూ పెట్టి, భుజం తట్టి, "గెలుపోటములు మామూలే అన్నా. ఐదేళ్లు ఎంతలో గడుస్తాయి, కాస్త ఓపిక పట్టు" అన్నాడు.

"ఓపికా? నాకా చెబుతున్నావు!" అన్నాడు బాబాయి లడ్డూ నములుతూనే. అంతే, మళ్లీ ధైర్యం వచ్చేసింది.

తమ్ముడు ఫోన్ చేసి, మిగిలిందేదో తీసుకుని బయటికి రమ్మని బతిమాలాడు. "ఏసీలో పెట్టాననుకోరా" అన్నాడు. షేరైతే ఏళ్ల తరబడి ఉంచుకోవచ్చు, వారం ఆప్షన్ రోజురోజుకీ కరిగిపోయి గురువారంతో సరి అని వాడు చెబితే అస్సలు నమ్మలేదు. "తాలు కాయకైనా ఓ రేటుంటుంది కదరా!"

ఓపిక పడితే ట్రేడింగులో డబ్బులొస్తాయని వీడియోల్లో ఊదరగొట్టే మహానుభావులు, ఏ సరుకు మీద పట్టాలో కూడా ఓ ముక్క చెబితే వాళ్ల సొమ్మేం పోతుంది?

గురువారం నిఫ్టీ 22,821 దగ్గర ఆగింది. ఆప్షన్ విలువ సున్నా. శుక్రవారం సాయంత్రానికి 23,290. "చూశావా, నేను చెప్పలా? వచ్చిందా లేదా?" అని బాబాయి ఎగిరి గంతేశాడు. వచ్చింది. అమ్మడానికి సరుకే లేదు.

ఇంట్లో పిన్నికి ఆ పాతిక వేల లెక్క తేలలేదు. సెప్టెంబరులో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ అధ్యయనం పేపర్లో పడేదాకా బాబాయి తప్పించుకు తిరిగాడు. ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన కోటి మందికి పైగా మామూలు ట్రేడర్లలో నూటికి 93 మంది మూడేళ్లలో సగటున తలా 2 లక్షలదాకా పోగొట్టుకున్నారని అందులో ఉంది. ఆ పేపరు పట్టుకుని నేరుగా వంటింట్లోకి నడిచాడు.

"చూడవే, అందరికీ రెండేసి లక్షలు పోయాయట. నాకు పోయింది పాతిక వేలే. అంటే లక్షా డెబ్బై అయిదు వేలు మిగిల్చాను!"

పిన్ని తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని చాపింది.

"ఏవీ, ఇటివ్వండి."