సంఘం హాలు తాళం తీయండి

ఎండలు ముదిరితే ఒడిశాలో మార్నింగ్ స్కూలు పెడతారు. తెల్లారగానే బడికెళ్లిన పిల్లలు ఎండెక్కక ముందే ఇల్లు చేరతారు. వడదెబ్బ భయం ఉన్నచోట అది మంచి పద్ధతే. కానీ బరంపురంలో ఉంటూ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన రోజుల్లో ఏప్రిల్ వస్తోందంటే నాకు టెన్షన్. పాప బడి పదిన్నరకి వదిలేసేవారు. నా ల్యాబు సాయంత్రం ఐదింటి దాకా. అప్పటికి మా ఆయన పోయి రెండేళ్లు.

పక్కింటి మామ్మగారు పాపను కనిపెట్టుకుని ఉండేవారు. ఆవిడ కొడుకు దగ్గరికి విశాఖపట్నం వెళ్లినప్పుడు పాపను నాతోనే తీసుకెళ్లాను. ల్యాబు బయట మెట్ల మీద కూర్చోబెట్టి, స్టీలు డబ్బాలో అటుకులు పెట్టిచ్చి, ఒడియా అక్షరాలు దిద్దుకోమన్నాను. లోపల టైట్రేషన్, అంటే ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ కొలిచే ప్రయోగం, నడుస్తోంది. ఫ్లాస్కులో ముదురెరుపు నీలంగా మారే ఆ ఒక్క చుక్క మీదే కన్నుండాలి. సరిగ్గా అప్పుడే "అమ్మా, నీళ్లు" అని వినిపించింది. తల తిప్పాను. చుక్క దాటిపోయింది. రీడింగులు కలవాలి కదా, మళ్లీ మొదటినుంచి చేశాను. బయటికి వచ్చేసరికి పాప నోటు పుస్తకం మీద తల వాల్చి నిద్రపోతోంది. డబ్బాలో సగం అటుకులు నాకోసం అట్టే పెట్టింది.

నిబంధనలు అసలు లేవని అనను. పీహెచ్‌డీ చేసే మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఇవ్వొచ్చని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల్లో ఉంది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు రాసింది. అవి కావాల్సినవే. కానీ పురిటి రోజులు దాటి, బిడ్డ బడికెళ్లే వయసుకొచ్చాక తల్లికి కావాల్సింది సెలవు కాదు, చదువు ఆగకుండా సాగడం. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. అది ఉద్యోగుల పిల్లల కోసం. విద్యార్థి బిడ్డ ఆ లెక్కలోకి రాదు. ఇక భార్య పోయి పిల్లల్ని ఒక్కడే పెంచుకుంటూ చదివే తండ్రికి ఆ 240 రోజులు కూడా లేవు. ఇది నాకు చాలా బాధనిపిస్తుంది.

విశ్వవిద్యాలయాలను అడగాల్సిందే, అడుగుదాం. ఈలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది.

నాకు డిగ్రీ వచ్చాక ఉగాది సభలో మన బరంపురం తెలుగు సంఘం పెద్దలు శాలువా కప్పారు. ఆ ఆదరం మరచిపోలేను. అయితే ఆ శాలువా కప్పిన హాలు, నేను చదివిన రెండేళ్లూ మధ్యాహ్నం పూట తాళం వేసే ఉంది. పండగలకీ, సీతారాముల కల్యాణానికీ తీస్తాం, మళ్లీ వేసేస్తాం. అందులో ఫ్యాన్లున్నాయి, చాపలున్నాయి, మంచినీళ్లున్నాయి. జీతం ఇచ్చి ఒక ఆయాను పెట్టుకుని, రిటైరైన మాస్టార్లు, టీచరమ్మలు వంతులవారీగా వస్తే చాలు, పిల్లలకు అది చల్లని నీడ.

1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు ఇటే ఉండిపోయిన కుటుంబాలు మనలో ఎన్నో. మన పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదని ప్రతి సభలోనూ బాధపడతాం. మధ్యాహ్నం హాల్లో ఉండే పిల్లలకు రోజూ ఒక గంట అ, ఆలు దిద్దించొచ్చు. పర్లాకిమిడి, రాయగడ, జయపురంలో ఉన్న మనవాళ్లు కూడా ఈ మాట ఆలోచించాలని కోరుతున్నాను. 2016లో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ మన బరంపురానికే వచ్చింది. పెద్ద చదువు ఇంటి దగ్గరికొచ్చినా, బిడ్డను ఎక్కడ వదలాలో తెలియక ఏ తల్లీ ఆ గుమ్మం దగ్గరే వెనక్కి తిరగకూడదు.

ఈసారి మార్నింగ్ స్కూలు మొదలవకముందే హాలు తెరుద్దాం. ఆదివారం కమిటీ సమావేశంలో ఈ విషయం పెట్టమని కార్యదర్శిగారిని అడిగాను. శనివారాలు నాకు సెలవు. ఆ రోజు పదిన్నర నుంచి ఐదింటి దాకా పిల్లల దగ్గర నేనుంటాను.