టైమెంతైంది బావా?

మొన్న నల్లగొండ బస్టాండ్‌లో నేనొక నేరం చేశాను. చేతికి వాచీ ఉన్న మనిషిని పట్టుకుని టైమెంతైందని అడిగాను.

ఆ మనిషి మా అక్క మొగుడు. దేవరకొండలో చుట్టాల పెళ్లి, పది గంటల ఇరవై నాలుగు నిమిషాలకు ముహూర్తం. నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. బావ మణికట్టు మీద అప్పచ్చంత వాచీ మెరుస్తోంది కదా అని అడిగేశాను. తప్పు నాదే. వాచీలు పోగేసే మనిషి మీ ఇంట్లోనూ ఉంటే మీకు తెలిసే ఉంటుంది, వాళ్ల దగ్గర టైం తప్ప అన్నీ దొరుకుతాయి.

"ఇది బ్యాటరీది కాదు బామ్మర్దీ, ఆటోమేటిక్" అని మొదలుపెట్టాడు బావ. "చెయ్యి ఊపితే లోపల బిళ్ల తిరుగుతది. బిళ్ల తిరిగితే స్ప్రింగు చుట్టుకుంటది. గంటకు 28,800 సార్లు కొట్టుకుంటది తెలుసా?"

"మంచిదే బావా. టైమెంతైంది?"

"చెవికాడ పెట్టుకో."

పెట్టుకున్నాను. కొట్టుకుంటోంది. అవతల దేవరకొండ బస్సు డ్రైవర్ హారన్ కూడా కొడుతున్నాడు. బావ వాచీ విప్పి, తిరగేసి, వెనకాల ఉన్న అద్దంలోంచి చక్రాలు చూపించాడు. ముందువైపు ముళ్లుంటాయి, వాటిని చూడడు. వెనకవైపు చక్రాలుంటాయి, వాటి మీంచి కళ్లు తీయడు.

"300 మీటర్ల లోతుకు పోయినా చుక్క నీళ్లు చొరవు" అన్నాడు.

నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. అంటే మా బావ కట్ట మీంచి దూకి, అడుగుదాకా మునిగి, అక్కడినుంచి ఇంకో 176 మీటర్లు బండను తొలుచుకుంటూ పోతే తప్ప ఈ వాచీ పనితనం లోకానికి తెలియదు. బావకు ఈత రాదు. వాన తుంపర పడితే వాచీ తీసి జేబులో దాచుకుంటాడు. దాని చుట్టూ తిరిగే రింగు ఒకటుంది, నీళ్లలో దిగినవాడు ఎంతసేపైందో లెక్క చూసుకోవడానికి. బావ దాంతో చాయ్ మరిగే నిమిషాలు లెక్కపెడతాడు. చాయ్ పెట్టేది మాత్రం అక్క.

ఇంతాచేసి సరైన టైం చూపిస్తుందా అంటే, అదీ లేదు. స్విట్జర్లాండ్‌లో పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్న ఇలాంటి స్ప్రింగు వాచీకే రోజుకు నాలుగు సెకన్లు వెనకబడడానికి, ఆరు సెకన్లు ముందుకు పోవడానికి మాఫీ ఉంది. మామూలు బ్యాటరీ వాచీ నెల మొత్తానికి తప్పేది పదిహేను సెకన్లు. బ్యాటరీ వాచీ పెట్టుకున్నవాణ్ణి మాత్రం బావ సర్కారు బడి పిల్లాణ్ణి చూసినట్టు చూస్తాడు.

బస్సు వెళ్లిపోయింది. దాని దుమ్ము మా మీద పడ్డాక బావ జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. "అరె, ఎనిమిదైంది గదరా!" వాచీలో ఏడుంబావు. నిన్న దాన్ని పెట్టుకోలేదట, రాత్రి ఆగిపోయిందట, పొద్దున చేతికి పెట్టగానే ఆగినకాడి నుంచే మళ్లీ నడక మొదలుపెట్టిందట. ఇలాంటివి బావకు పద్నాలుగు. చేతులు రెండే. పెట్టుకోకుండా వదిలేస్తే నలభై గంటలకు అటూఇటూగా ప్రాణం పోతుంది. అందుకని వాటిని ఊరికే తిప్పుతుండే ఒక డబ్బా తెప్పించాడు. అది కరెంటుతో నడుస్తుంది. బ్యాటరీ అక్కర్లేదని కొన్న వాచీకి ప్లగ్గు! ఆ ప్లగ్గు బోర్డుకు ఇంతకుముందు మిక్సీ ఉండేది. అది చెడిపోయి ఏడాదైంది, అక్క రోట్లో నూరుతోంది.

ఇంకో బస్సుకు గంట టైముంది. బావ సంచీలోంచి చిన్న పెట్టె తీశాడు. లోపల మెత్తటి గుడ్డ మీద ఒక పాత వాచీ, సర్కారు కంపెనీ చేసిన హెచ్‌ఎంటీ జనతా. తెల్ల డయల్ కాస్త పచ్చబడింది, '17 జ్యువెల్స్' అన్న అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. పన్నెండు దగ్గర అద్దం మీద సన్నటి గీత.

"హెరిటేజ్ పీస్" అన్నాడు. "2016ల ఆ కంపెనీ మూసేయాలని సర్కారు ఆర్డరిచ్చింది గదా, ఇట్లాంటి పాతవి దొరకుడు కష్టం."

ఆ గీత నాకు తెలుసు. ఆ వాచీ మా నాయన పెట్టింది. 1986లో, వాచీ కట్టందే పీటల మీద కూర్చోనని పెళ్లికొడుకు పందిట్లో అలిగితే, రాత్రికి రాత్రి నల్లగొండకు మనిషిని పంపి షాపు తీయించి తెప్పించింది. కట్టేటప్పుడు నాయన చెయ్యి వణికి పందిరి గుంజకు తగిలింది.

బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ పెట్టింది 1961లో. వరకట్న నిషేధ చట్టం వచ్చిందీ 1961లోనే. వాచీలు మా ఊరిదాకా వచ్చాయి.

హెరిటేజ్ అట! ఎవరి హెరిటేజ్? సచ్చేదాకా మా నాయన చేతికి వాచీ లేదు. వేపచెట్టు నీడ చూసి బావికాడికి పోయేవాడు, నీడ చూసే ఇంటికొచ్చేవాడు. అక్క ఇప్పటికీ అలారం లేకుండా నాలుగున్నరకు లేస్తుంది. ఇన్నేళ్లలో ఆమెకొక ఆడవాళ్ల వాచీ కొనాలని ఈ పద్నాలుగు వాచీల ఆసామికి ఒక్కసారి తోచలేదు. అల్లుడు అలగడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ అప్పు తీరడానికి మా ఇంట్లో నాలుగు పల్లికాయ పంటలు పట్టింది. గంటకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్క చెప్పే మనుషులకు ఈ లెక్క ఎందుకు రాదు?

ఇవన్నీ బావతో అనలేదు. అల్లుడు కదా, ఇప్పటికీ అలుగుతాడు.

"బామ్మర్దీ, ఒక మాట" అన్నాడు వాచీని గుడ్డలో చుడుతూ. "దీనికి అప్పటి డబ్బా, కాగితం ఉంటే రేటు డబుల్ అయితది. మీ నాయన ఏమన్నా దాచిపెట్టిండా?"

"డబ్బా లేదు బావా. కాగితం ఉంది, నాయన ట్రంకుపెట్టెలో. రెండు రూపాయల మిత్తికి రాసిచ్చిన ప్రోనోటు. అప్పు తీరినంక చింపి తెచ్చుకున్నడు."

బావ కళ్లు వెలిగాయి.

"ఒరిజినలేనా?" అన్నాడు.