సవరణ: సూడాన్ పిల్లలకు పల్లీలు కాదు, డబ్బులే

'సూడాన్ పిల్లలకు తిండి పంపుదాం' అని మొన్న పెట్టిన పోస్టు చూసి వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు కొందరు పల్లీలు, బియ్యం మూటలు కట్టి పెట్టారట. మీ మనసుకు దండం, కానీ దయచేసి సరుకులు తేకండి, పంపాల్సింది డబ్బులే.

2023 ఏప్రిల్ నుంచి సూడాన్‌లో యుద్ధం నడుస్తోంది. బాగా చిక్కిపోయిన పిల్లలకు ఇచ్చేది 92 గ్రాముల ప్యాకెట్: పల్లీల ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి 500 కేలరీలు, నీళ్లు కలిపే పని లేదు, పొయ్యి అక్కర్లేదు, బిడ్డ మూల చింపి చీక్కుంటూ తినేయొచ్చు. ఆ పల్లీల్లో బూజు విషం, అదే అఫ్లాటాక్సిన్, లేదని ల్యాబులో తేలాకే వాడతారు కాబట్టి మన చేలో పండినవి ఎంత మంచివైనా అలాగే పంపలేం. ఈ ప్యాకెట్లు అందరికంటే ఎక్కువగా కొనేది యూనిసెఫ్ (ఐక్యరాజ్యసమితి వాళ్ల పిల్లల సంస్థ), మీ డబ్బు నేరుగా వాళ్లకే కట్టండి, మా ఎవరి ఫోన్‌కీ కొట్టొద్దు.

ఇంకోటి, పన్ను మినహాయింపు అడిగినవాళ్లకు: 2,000 రూపాయలు దాటిన విరాళం నగదుగా ఇస్తే అది రాదు, బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు దాచుకోండి.

కట్టిన మూటలు విప్పకండి, వాటిని తీసుకుంటారేమో మీ ఊరి హాస్టల్ వార్డెన్‌ను ఒకసారి అడిగి చూడండి.